గోడ మీది తీగ

దిల్‌సుఖ్‌నగర్‌లో మా హాలుకు రంగులేయడానికి వచ్చిన మేస్త్రీ, ఒక గోడ మీద రబ్బరు రోలర్ దొర్లించాడు. మెలికలు తిరిగే తీగ, ప్రతి మెలికలో ఒక ఆకు, ఒక పువ్వు. "ఇప్పుడు అన్ని ఇండ్లల్ల ఇదే నడుస్తుంది సార్" అన్నాడు. రెండు వేల ఏళ్ల నుంచీ ఇదే నడుస్తోందని నేను చెప్పలేదు.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పడ్డ రోమన్ పట్టణం పాంపేయిని తవ్వితే గోడల మీద ఈ తీగలు బయటపడ్డాయి. అక్కడ రోలర్ లేదు. సున్నం గచ్చు తడారకముందే రంగు వేయాలి, అప్పుడే అది గోడలో కలిసిపోయి నిలుస్తుంది. గీత సూటిగా రావడానికి పచ్చి గచ్చు మీద దారం లాగి కొట్టేవారు, అచ్చం మన తాపీమేస్త్రీల్లాగే. ఇసుక కలిపిన సున్నం మూడు పూతలు, పైన పాలరాతి పొడి కలిపింది మరో మూడు వేయాలన్నాడు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్. అంత పట్టింపున్న ఆ పెద్దాయనకు కొత్త ఫ్యాషన్ మాత్రం గిట్టలేదు. స్తంభం ఉండాల్సినచోట రెల్లుకాడలేమిటి, పువ్వులోంచి సగం మనిషి మొలవడమేమిటి అని విసుక్కున్నాడు. ఎవరు విన్నారు? చక్రవర్తి అగస్టస్ భార్య లివియా ఇంట్లో ఒక గది నాలుగు గోడలా తోటే గీయించారు: దానిమ్మలు, గన్నేరు, గులాబీలు, వాటి మధ్య పిట్టలు. అది 1863లో దొరికింది.

ఈ తీగ వంశవృక్షం తీసింది వియన్నా మ్యూజియంలో పాత బట్టలు, తివాచీలు చూసుకునే ఆలోయిస్ రీగల్. ఈజిప్టు తామర గ్రీకుల చేతిలో తీగై పాకింది, రోమన్లు దాన్ని గుబురు చేశారు, ఇస్లామిక్ కళాకారులు అంతులేని అల్లిక చేశారు అని 1893లో వాదించాడు. అన్నీ ఒకే వేరు నుంచి రావాలా అని నాకు అనుమానమే. మన అమరావతి శిల్పులకు తామర నేర్పడానికి ఎవరూ రానక్కర్లేదు.

అల్లిక సంగతి మాత్రం మనకు దగ్గర్లోనే కనిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, మూసీ దాటి నడిస్తే బాద్‌షాహీ ఆశుర్‌ఖానా, మొహర్రం సంతాప మందిరం. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. 1611 నాటి మెరుగు పలకల మీద పసుపు, నీలం, ఆకుపచ్చల్లో పూలు, లతలు. 1908 మూసీ వరదకు పలకలు దెబ్బతిన్నాయి. పోయినచోట్ల రంగులతో పూలు దిద్దారు. దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికెళితే పలక మెరుస్తుంది, రంగు మెరవదు.

ఇంటికొచ్చి మా గోడ చూశాను. కిటికీ పక్కన రెండు పట్టీలు కలిసేచోట తీగ తెగింది, సగం పువ్వు మిగిలిపోయింది.

"కర్టెన్ వస్తది కద సార్" అన్నాడు మేస్త్రీ.