పోయిన పెట్టె, దొరికే దారి

1874లో వాడి స్టేషన్ నుంచి రైలు సికింద్రాబాద్‌కు వచ్చింది. బొంబాయి నుంచి వచ్చి దిగినవాళ్లకు హైదరాబాద్ రాజ్యం పరరాజ్యమే: ఏలిక నిజాం, చెల్లే నాణెం హాలీ సిక్కా.

రైళ్లలో పోయి దొరికిన సామానుకు సరిహద్దు అవతలి బ్రిటిష్ ఇండియాలో 1890 నాటి రైల్వే చట్టం ఒక పద్ధతి పెట్టింది. యజమాని తెలిస్తే నోటీసు ఇవ్వాలి. ఆచూకీ లేకపోయినా, నోటీసుకు పలకకపోయినా అమ్మేయవచ్చు. పారిస్‌లో అయితే పోగొట్టుకున్న వస్తువుల కోసం 1805లోనే పోలీసు కార్యాలయం వెలిసింది. లండన్ రవాణా సంస్థ 1933లో బేకర్ స్ట్రీట్‌లో అలాంటిదే తెరిచింది. జపాన్ 1899లో చట్టమే చేసింది. అక్కడ సొమ్ము అప్పగించినవారు దాని విలువలో 5 నుంచి 20 శాతం అడగవచ్చు.

మళ్లీ సికింద్రాబాద్‌కు వస్తే, 1966 అక్టోబర్ 2న అది దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైంది. ఇప్పుడు రైల్లో బ్యాగు మరిచినవారు 139కి ఫోన్ చేసి రైలు, బోగీ, సీటు నంబర్లు చెబుతారు. రైల్వే రక్షణ దళం ‘ఆపరేషన్ అమానత్’ పేరిట దొరికిన వస్తువుల వివరాలు ప్రకటిస్తుంది. తమదని రుజువు చేసుకున్నవారికి అప్పగిస్తుంది.

విదేశంలో పాస్‌పోర్టే పోతే దారి వేరు. అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు కాగితంతో భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. అత్యవసరమైతే వాళ్లిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇంటికి తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది. మళ్లీ విదేశానికి వెళ్లాలంటే కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిందే. హైదరాబాద్ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉన్నదీ సికింద్రాబాద్‌లోనే.