బస్తర్‌లో వైద్యం, వాద్యం, చిత్రకళ

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్‌లో రోగి సంరక్షణకూ గానవాద్యాలకూ ఉన్న సంబంధం అక్కడి ఆసుపత్రుల కన్నా ఎంతో పాతది. 1998 దాకా ఇంచుమించు కేరళ రాష్ట్రమంత విస్తీర్ణంతో ఒకే జిల్లాగా ఉండి, ఇప్పుడు ఏడు జిల్లాల డివిజన్‌గా మారిన ఈ ప్రాంతంలో, జబ్బు పడ్డవారి కోసం వాయిద్యం మోగించడం ఆరోగ్య వ్యవస్థ కొత్తగా తెచ్చిన సేవ కాదు. ఊరి వైద్యంలో ఎప్పటినుంచో ఉన్న ఆ అంగాన్ని తరవాత వచ్చిన ఆసుపత్రి గుమ్మం బయటే వదిలేసింది. ఇతర దేశాల్లో సంగీతాన్ని వార్డుల్లోకి తెచ్చిన తీరును బస్తర్‌కు అలాగే వర్తింపజేయలేకపోవడానికి ఈ పూర్వచరిత్రే ప్రధాన కారణం.

గోండుల్లో ఒక శాఖ అయిన మురియాలు జబ్బును ఒక్క దేహానికి చెందిన సంగతిగా చూడరు. మూలికలు ఇచ్చి, రోగకారణం ఆరా తీసే గునియా ఒకడు. దేవతను ఒంటిమీదికి రప్పించుకుని ఆమె మాటగా పలికే సిర్హా మరొకడు. ఈ సిర్హా తెలుగు పల్లెల్లో పూనకంలో పలికే గణాచారికి దగ్గరివాడు. దేవతను రప్పించే పని చాలావరకు వాద్యకారులది. సన్నాయిని పోలిన మొహ్రి, పెద్ద నగారా, పుల్లలతో వాయించే చిన్న తుడ్బుడి కలిసిన ఈ మేళాన్ని సంప్రదాయంగా గాండా కులస్థులు వాయిస్తారు. నేతపని కూడా వారి కులవృత్తే. ఒక్కో దేవతకు ఒక్కో వరస ఉంటుంది, దాన్నే దేవపాడ్ అంటారు. ఏ వరస ఎత్తుకుంటే ఆ దేవత వచ్చి ఆడుతుందని నమ్మకం కాబట్టి మొహ్రి వాయించేవాడికి దేవతల పరివారమంతా కంఠతా వచ్చి ఉండాలి. ఫ్రెంచి సంగీత పరిశోధకుడు నికొలా ప్రెవో ఈ వరసల మీద విస్తృతంగా పనిచేశాడు. అంతకుముందే వెరియర్ ఎల్విన్ మురియాల గురించీ, వారి యువతీయువకుల ఉమ్మడి నివాసమైన ఘోటుల్ గురించీ 1947లో వెలువరించిన గ్రంథంలో ఈ సమాజపు ఆటపాటలను నమోదు చేయగా, ఆల్ఫ్రెడ్ గెల్ 1980లో ‘మ్యాన్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఉయ్యాల ఊపులు, భుజాల మీద మోసే అంగదేవుడి కుదుపులు మనిషిని కళ్లు తిరిగే స్థితికి చేర్చి పూనకానికి ఎలా దారి తీస్తాయో విశ్లేషించాడు.

దీనికి పూర్తిగా భిన్నమైన మరో ధార జగార్. హల్బీ భాషలో గురుమాయిలు అనే గాయనులు రోజుల తరబడి పాడే దీర్ఘకథాగానాలివి. వీటిలో ప్రసిద్ధమైన లక్ష్మీ జగార్, ధాన్యదేవత అయిన లక్ష్మికి నారాయణుడితో జరిగే పెళ్లితో ముగుస్తుంది. వీరి వాద్యం ధన్‌కుల్ ఇంటి సామానుతోనే తయారవుతుంది: గడ్డి చుట్టకుదురు మీద కుండ, దాని మూతిమీద చేట, ఆ చేటపై ఒక కొస ఆనేలా వాల్చిన విల్లు. గురుమాయి కుడిచేత్తో వెదురుపుల్ల పట్టుకుని వింటిబద్ద మీది గాట్ల వెంట బరబరా రాస్తూ, ఎడమచేత్తో నారిని మీటుతుంది; గీకుడు లయను నిలిపితే నారి శబ్దం చేటలోంచి కుండలోకి దిగి గుమ్మని మోగుతుంది. జగార్ జరిగే చోట గోడ మీద కథలోని ఘట్టాలను బొమ్మలుగా వేసే ఆచారమూ ఉంది కనుక పాట, చిత్రం ఇక్కడ ఒకే క్రతువులో భాగాలు. గురుమాయి సుక్‌దాయి పాడిన పాఠాన్ని క్రిస్ గ్రెగరీ, హరిహర్ వైష్ణవ్ 2003లో గ్రంథరూపంలో తెచ్చారు. జగార్ పంట కోసం, ఇంటి క్షేమం కోసం చేసేది. దాన్ని చికిత్స అనడం అతిశయోక్తే అవుతుంది.

ఆధునిక వైద్యం జగదల్‌పూర్‌లోని మహారాణి ఆసుపత్రి వంటి సంస్థల ద్వారా వేళ్లూనింది, 2006లో అదే పట్టణంలో వైద్య కళాశాల వచ్చింది. ఈ వ్యవస్థలో కళకు దక్కిన పని ఎక్కువగా ప్రచారం. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ పథకం, అంటే ఊరివారే ఎంచుకున్న మహిళా ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ, మొదలైనప్పుడు కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలతో, నాటికలతో దాన్ని పరిచయం చేశాయి. అంతకు రెండు దశాబ్దాల ముందు, బస్తర్‌కు ఉత్తరాన ఉన్న దల్లీ రాజహరా గనుల్లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని కార్మిక సంఘం తన సాంస్కృతిక దళంతో పాటలు కట్టి పాడించింది, 1983లో షహీద్ ఆసుపత్రినీ నెలకొల్పింది. 2020లో మొదలైన మలేరియా రహిత బస్తర్ కార్యక్రమంలో జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్ష చేయాల్సి వచ్చింది. ఒంట్లో బాగున్న మనిషిని సూది గుచ్చించుకోవడానికి ఒప్పించాలంటే అతని భాషలో చెప్పక తప్పదు. ఇవన్నీ ఉపయోగకరమైన పనులే. అయితే వీటిలో పాట సందేశాన్ని మోసుకొచ్చే బండి. మంచంలో ఉన్నవాడి ఊరట కోసం, రాత్రి డ్యూటీలో అలసిన నర్సు కోసం పాడే పాట వేరు.

ఆ రెండో రకానికి ఇతర దేశాల్లో స్పష్టమైన చరిత్ర ఉంది. 1488లో ఎదిర్నెలో సుల్తాన్ రెండో బాయెజీద్ కట్టించిన ఆసుపత్రిలో రోగుల కోసం గాయకులు, వాద్యకారులు వచ్చేవారని యాత్రికుడు ఎవ్లియా చెలెబి రాశాడు. బ్రిటన్‌లో వార్డుల్లో ప్రత్యక్ష కచేరీలు ఏర్పాటు చేసే సంస్థ 1948లో, ఆసుపత్రులకు చిత్రాలు అరువిచ్చే సంస్థ 1959లో మొదలయ్యాయి. 1984లో రోజర్ ఉల్‌రిచ్, పిత్తాశయ శస్త్రచికిత్స అయిన 46 మంది రికార్డులను పోల్చి, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుకగోడ మాత్రమే కనిపించినవారి కన్నా త్వరగా ఇంటికి వెళ్లారనీ, వారికి ఘాటైన నొప్పిమందుల అవసరం తగ్గిందనీ చూపాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక 3,000కు పైగా అధ్యయనాలను సమీక్షించి కళలకు ఆరోగ్యంలో పాత్ర ఉందని తేల్చింది.

బస్తర్ వార్డుకు ఈ పద్ధతిని తేవాలంటే మొదట తేల్చుకోవలసింది ఏ పాట అన్నది. మంద్రంగా వినిపించే వాద్యసంగీతం ఎవరినైనా సేదదీరుస్తుందన్న ఊహ ఇక్కడ చెల్లదు: దేవపాడ్ వినోదం కాదు, పిలుపు, మొహ్రి మీద ఆ వరస ఎత్తుకుంటే పక్క మంచంలోని వారికో, తోడొచ్చిన బంధువుకో పూనకం రావచ్చు. పైగా నగారా ఆరుబయట మోగడానికి చేసినది. గొంతుతో గుంపుగా పాడే రేలా పాటలు, గురుమాయి కూర్చుని పాడే గానం, వెదురు పిల్లనగ్రోవి ఇందుకు ఎక్కువ అనువైనవి. నారాయణ్‌పూర్ ప్రాంతపు గఢ్‌బెంగాల్‌కు చెందిన వాద్యశిల్పి పండీ రామ్ మండావికి 2025లో పద్మశ్రీ రావడంతో వెదురు వాద్యాల పేరు అడవి దాటింది. బొమ్మల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. గోండుల్లోనే మరో శాఖ అయిన దండామి మాడియాలు చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపే రాళ్ల మీద, కొయ్యస్తంభాల మీద వేటలు, నాట్యాలు, జంతువుల బొమ్మలు వేస్తారు. అవి చూడముచ్చటగా ఉన్నాయని బయటి అలంకరణకర్త వార్డు గోడకెక్కిస్తే, మంచం మీద ఉన్న మాడియా రోగికి కనిపించేది తన సమాధి గుర్తే.

భాష మరో చిక్కు. హల్బీ, గోండీ, ధుర్వా, దక్షిణాన తెలుగుకు చేరువైన దోర్లీ మాట్లాడే రోగులకు హిందీలో మాట్లాడే సిబ్బందే తరచుగా ఎదురవుతారు. కొంటా, బీజాపూర్ వైపు వారు సరిహద్దు దాటి తెలంగాణలోని భద్రాచలం ఏరియా ఆసుపత్రికి రావడం మామూలే, అక్కడ వారికి తెలుగు ఎదురవుతుంది. అయినా భాష మారినంత మాత్రాన పాట, బొమ్మ కలిసే తీరు మారదు: గోదావరి ఒడ్డు కోయలలో డోలి గాయకులు గుడ్డపై బొమ్మలు గల పడిగెలు పట్టుకుని ఇలవేల్పుల కథలు పాడే సంప్రదాయం నేటికీ ఉంది. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య ఈ కోవకు చెందినవాడే. పడిగె కథ ఏ గోత్రానిదో ఆ గోత్రం వారికే చెందుతుంది కనుక, వార్డులో పాడించే ముందు శ్రోతల్లో ఎవరెవరున్నారో తెలుసుకోవలసిన బాధ్యత సరిహద్దుకు ఈవల కూడా తప్పదు.