జైలు తలుపు దాటిన తరువాత

జైలులో ఉన్నవానికి సర్కారు అన్నం పెడుతుంది, బట్ట ఇస్తుంది, కాపలా పెడుతుంది. విడుదలైన మరునాడు వాడు ఏమి చేసి బతకాలప్పా అని మాత్రం అడిగేవారు లేరు. ఆదోనిలో జిన్నింగు మిల్లుకు పోతే "ఇన్ని దినాలు యాడ ఉంటివి?" అంటారు. ఎమ్మిగనూరులో మగ్గం దొరికినా బాడుగ ఇల్లు దొరకదు. ఈ సంగతికి పాత చరిత్ర కలదు.

1953 అక్టోబరు 1 దాకా మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో, మద్రాసు ఏలుబడిలో ఉండేది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది. పుట్టుకతోనే మనిషిని దొంగ అని రాసుకునే చట్టం అది! దాని కింద బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో ఎరుకలవారికి సెటిల్మెంటు వెలిసింది. నడిపినది సాల్వేషన్ ఆర్మీ, వెనుక ఉన్నది సర్కారు. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, నిజమే. కాని హాజరుకు పలకాలి, అనుమతి లేనిదే ఊరు దాటరాదు. సహాయమూ సంకెలా ఒకే పద్దులో రాసిన లెక్క అది. 1952లో చట్టం రద్దయినా ఆ ముద్ర పోలేదు. 1970 దశకంలో గోరా గారి కుమారుడు లవణం, ఆయన సతీమణి హేమలత (జాషువా కవి కుమార్తె) అక్కడ సంస్కరణకు పూనుకున్నారు.

విడుదలైనవారికి చేయూత కావాలని 1919-20 నాటి జైళ్ళ కమిటీయే చెప్పింది. 1965లో మన పక్క అనంతపురంలో ఖైదీల వ్యవసాయ కాలనీ ఏర్పడినది. గోడలు లేని జైలు, సేద్యం పని. తరువాత 1983లో జస్టిస్ ఆనంద్ నారాయణ్ ముల్లా కమిటీ నివేదిక వచ్చింది. ఈ ముల్లా సాహెబ్ పేరుపొందిన ఉర్దూ కవి కూడాను. మా ఉర్దూ మాస్టర్లకు ఆ విధంగానే ఎక్కువ తెలుసు. విడుదల తరువాతి బాగోగులు కూడా ప్రభుత్వ బాధ్యతే అని ఆ కమిటీ అభిప్రాయం.

2023లో కేంద్రం పేద ఖైదీల పథకం తెచ్చింది. అప్పట్లో జుర్మానా కట్టలేనివారికి రూ. 25,000 దాకా, జామీను కట్టలేనివారికి రూ. 40,000 దాకా. మంచిదే. కాని అది తలుపు తెరిచేంత వరకే. కుట్టుమిషనో, తోపుడు బండో దానిలో రాదు.

బదర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారు పదిమంది పిల్లలకు అక్షరాలు నేర్పి విడుదలైనారని సీరత్ గ్రంథాలలో ఉంది. సూరె తౌబా 60వ ఆయతులో జకాతు పద్దులు ఎనిమిది. అప్పులపాలైనవారు అందులో ఒకరు. జైలు కేసుకు వకీలు ఫీజులని ఇల్లు తాకట్టు పెట్టిన కుటుంబం ఆ పద్దులోకి వస్తుందా రాదా, ఉలమాలను అడిగి వచ్చే సర్వసభ్య సమావేశంలో తేల్చాలని నా అర్జీ.