గుంటూరు గ్రహణం, హాట్ జూపిటర్ జ్వరం

మా రేణిగుంట నుంచి ఒక పక్కకి వెళ్తే తిరుమల, ఇంకో పక్కకి వెళ్తే శ్రీకాళహస్తి. గ్రహణం వస్తే తిరుమలలో గుడి తలుపులు మూస్తారు, కాళహస్తిలో తెరిచే ఉంచుతారు. ఖగోళ శాస్త్రజ్ఞులది కాళహస్తి పార్టీ అని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది :)

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు, బందరుల మీదుగా వెళ్ళింది. చంద్రుడు అడ్డొచ్చి సూర్యుడి వెలుగుని ఆపేయగానే, అంచున ఎగిసే మంటల కాంతిని గుంటూరులో జాన్సెన్ అనే ఫ్రెంచాయన స్పెక్ట్రోస్కోపులో చూశాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా కనిపిస్తాయనిపించి మర్నాడు పొద్దున చూస్తే నిజంగానే కనిపించాయి. "హీలియం పుట్టింది గుంటూరులోనే" అని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు గానీ, జాన్సెన్ ఆ మాట అనలేదు. పసుపు గీత సోడియందేనా, దాని పక్కదా అని అనుమానపడింది బందరులో చూసిన పాగ్సన్. అది సోడియం కాదని అదే ఏడు అక్టోబరులో తేల్చింది ఇంగ్లండులో లాకియర్. భూమ్మీద హీలియం దొరికింది 1895లో. పాపం పాగ్సన్ పేరు మనకెవరికీ గుర్తులేదు.

ఇక గ్రహాల సంగతి. 1995లో 51 పెగాసీ చుట్టూ 4.2 రోజులకోసారి తిరిగే గ్రహం దొరికింది. సైజులో గురుగ్రహం లాంటిది, నక్షత్రానికి మాత్రం ఆనుకుని ఉన్నట్టే. ఇలాంటివాటికే హాట్ జూపిటర్లని పేరు. వేడిగా ఉంటాయని లెక్కలు చెప్తాయి, కానీ గ్రహమే విడిగా కనపడనప్పుడు కొలిచేదెలా?

మళ్ళీ గ్రహణమే దిక్కయింది, ఈసారి తిరగేసి. గ్రహం పక్కన ఉన్నప్పుడు వచ్చే పరారుణ కాంతి ఇద్దరిదీ. అది నక్షత్రం వెనక్కి పోయాక వచ్చేది నక్షత్రానిది మాత్రమే. రెంటికీ డిఫ్ కొడితే మిగిలేది గ్రహం వేడి! 2005లో స్పిట్జర్ టెలిస్కోపుతో డెమింగ్ బృందం హెచ్‌డీ 209458బి మీద, షార్బనో బృందం ట్రెస్-1 మీద ఈ పని చేశాయి. డెమింగ్ వాళ్ళకి చిక్కిన తేడా 0.26 శాతమే. దాన్నుంచి తేలిన వేడి సుమారు 860 డిగ్రీల సెల్సియస్. మా ఊరి రోహిణి కార్తె చల్లటిదే అన్నమాట.

2007లో నట్సన్ బృందం హెచ్‌డీ 189733బి అనే గ్రహాన్ని 33 గంటలు చూసి వేడి మ్యాపే గీసింది. అన్నిటికన్నా వేడి చోటు నడినెత్తిన నక్షత్రం ఉన్న చోట కాదు, కాస్త తూర్పుకి. గాలులు వేడిని అటు తోసుకుపోతున్నాయి.

2018లో, అంటే గుంటూరు గ్రహణానికి సరిగ్గా 150 ఏళ్ళకి, వాస్ప్-107బి గాలిలో హీలియం కనిపించింది. నక్షత్రం తాకిడికి కాగి, గ్రహం నుంచి అంతరిక్షంలోకి కారిపోతోంది. ఈసారి గీత పసుపుది కాదు, కంటికి కనపడని పరారుణంలోది.