గట్టిమేళం తెగకుండా

సత్యనారాయణపురంలో మేడమీద గది. రాత్రి పదిన్నరైంది, బెజవాడ ఉక్క ఇంకా తగ్గలేదు. మీ చేతిలో డిస్కు. దానిమీద మార్కరుతో "చల్లపల్లి, 2005" అని రాసి ఉంది. మీ అక్క పెళ్లి. ఆదివారంలోగా అందులోంచి పది నిమిషాల వీడియో తీసివ్వాలి.

మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడిచి, డ్రైవులో పెట్టారు. కాసేపు గరగరలాడి ఫోల్డరు తెరుచుకుంది. వరసగా వీఓబీ ఫైళ్లు. ఎందుకాలస్యమని వాటిని అలాగే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లోకి లాగేశారు.

పెళ్లిపందిరి. తెర అడ్డం. జీలకర్ర, బెల్లం ముద్ద పట్టుకున్న రెండు చేతులు. పురోహితుడు చెయ్యెత్తాడు, సన్నాయి అందుకుంది, డోలు ఉరిమింది... టక్. అరక్షణం ఏమీ లేదు. మళ్లీ మేళం, కానీ అతుకు తెలిసిపోతోంది.

తప్పు ఫొటోగ్రాఫరుది కాదు. డీవీడీలో ఒక్కో ఫైలు సుమారు ఒక గిగాబైటు దాటదు. నిండగానే తర్వాతి ఫైలు మొదలవుతుంది. దానికి సుముహూర్తంతో పనిలేదు.

టైమ్‌లైన్ ఖాళీ చేసి మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేరు తెరవండి. ముక్కలన్నిటినీ కలిపి, బొమ్మని ముట్టుకోకుండా, ఒకే ఎంకేవీ ఫైలుగా ఇస్తుంది. మన పెళ్లి డిస్కుకి తాళం ఉండదు. కొన్న సినిమా డిస్కుల సంగతి వేరు, ఆ జోలికి పోవద్దు.

ఇప్పుడు తలంబ్రాల దగ్గర ఆపి చూడండి. అక్క చెయ్యి అంచున దువ్వెన పళ్లలా గీతలు. బియ్యపు గింజ ఒక్కటీ గింజలా లేదు. మన పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు సగాలు: బేసి గీతలు ఒకటి, సరి గీతలు ఒకటి. రెండిటికీ నడుమ సెకనులో యాభయ్యో వంతు తేడా. ఆ కాసేపట్లో చెయ్యి కదిలిపోయింది. పాత డబ్బా టీవీ ఆ సగాల్ని ఒకదాని తర్వాత ఒకటి చూపించేది. కంప్యూటరు తెర రెండిటినీ ఒకేసారి చూపిస్తోంది.

ఆ ఎంకేవీని హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్లో వేయండి. డీఇంటర్లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్, దాన్లో బాబ్. ఫ్రేము రేటు 50, కాన్‌స్టెంట్. అప్పుడు సగాలు రెండూ విడివిడి బొమ్మలై కదలిక సాఫీగా వస్తుంది. హెచ్.264 నాణ్యత 16 దగ్గర పెట్టండి. ఫైలు బరువైతే కానివ్వండి. అదనపు ఆప్షన్లలో ఇంగ్లీషులో keyint=10 అని రాయండి, పూర్తి బొమ్మలు దగ్గరదగ్గరగా పడతాయి. డీవీడీలో దాదాపు అరసెకనుకి ఒక్కటే పూర్తి బొమ్మ, మిగతావన్నీ దాన్నిబట్టి లెక్కగట్టుకునేవే. ఎడిటింగులో కత్తెర ఎక్కడ వేసినా సాఫ్ట్‌వేరు వెనక్కి పరిగెత్తి వెతుక్కోవాలి, అందుకే నత్తనడక.

ఒక్క మాట, దీన్ని 1080కి పెంచకండి. ఉన్నవి 720 బై 576 చుక్కలే. సాగదీస్తే మసకే మిగులుతుంది. 4:3 నిష్పత్తి మాత్రం చూసుకోండి, లేకపోతే బావగారి గుండ్రటి మొహం కోలగా వస్తుంది.

పన్నెండు దాటింది. కొత్త ఫైలు టైమ్‌లైన్లో పడింది. పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం ఎక్కడా తెగలేదు. తలంబ్రాలు గింజ గింజగా రాలుతున్నాయి. మధ్యమధ్యలో ఫొటోగ్రాఫరు పెట్టిన తిరిగే గులాబీలు, ఎగిరే హృదయాలు బొమ్మలోనే కలిసిపోయాయి, వాటినేం చేయలేం. ఆ ముక్కలు కోసేయడమే మేలు.

పని అయిపోయిందని ఎంకేవీని చెరిపేయకండి. ఇంకో హార్డ్ డిస్కులో కూడా ఒక కాపీ పెట్టండి. ఇలా రాసిన డీవీడీని డ్రైవు మరోసారి చదువుతుందన్న భరోసా లేదు.