పద్నాలుగేళ్ల జిల్లా కేంద్రం

సిరొంచ ఒకప్పుడు జిల్లా కేంద్రమంటే మా పిల్లలు నవ్వుతారు. కలెక్టరు కచేరీలో పనిపడితే రెండు వందల కిలోమీటర్ల దూరంలోని గడ్చిరోలికి పోవాలి మరి.

1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లిషువాళ్లకు వదులుకున్నాడు. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి కలిపి ఎగువ గోదావరి జిల్లా చేశారు. కచేరీ మా ఊళ్లో పెట్టారు. బేరారు పత్తిని పడవల మీద కోస్తాకు దింపాలన్నది కాటన్ దొర పథకం. రాతి బండలు అడ్డొచ్చే చోట్లు మూడు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్‌మరి. కడపటి రెంటి నడుమ మా ఊరు. పడవలొస్తే సిరొంచ దశ తిరిగేదే. కానీ 1867లో రైలు నాగపూరు చేరింది, పత్తి అటు మళ్లింది. 1871లో నది పనులు ఆపేశారు. 1874లో జిల్లానే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసుకు పోయాయి, మేము చాందా జిల్లాలో ఒక తహసీలుగా మిగిలాం. డిప్యూటీ కమిషనరు గ్లాస్‌ఫర్డ్ పేరు మాత్రం తాలూకాలో గ్లాస్‌ఫర్డ్‌పేటగా నిలిచింది.

దొరల కట్టడాల సంగతికొస్తే, ఆ రోజుల్లోనే బొంబాయిలో గోథిక్ శైలి మోజు. రాజాబాయి గడియార స్తంభం 1878లో పూర్తయింది, విక్టోరియా టెర్మినస్ పని అదే ఏడు మొదలైంది. మా దొరలకు అంత డబ్బెక్కడిది? ప్రాణహిత ఒడ్డున పాత గెస్ట్‌హౌస్ చూడండి: మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, ముందు వరండా. శిఖరాల్లేవు, శిల్పాల్లేవు. నన్నడిగితే అదే మేలు. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో కూర్చున్నవాడికి ఎందుకో చెప్పక్కర్లేదు.

నిజానికి ఆ కిటుకు మన పాత ఇళ్లలోనూ ఉన్నదే. వీధి అరుగు, వసారా, టేకు దూలాల మీద గూనపెంకు. ఎండ గోడ మీద పడకుండా చూరు కిందికి దిగి ఉంటుంది, పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోతుంది. కోతులు పెంకులు కదిపితే ఏటా వానలకు ముందు సర్దుకోవాలి, ఆ విసుగుతోనే జనం స్లాబుకు మారారు. పైగా ఇల్లు విప్పితే టేకుకు మంచి ధర పలుకుతుంది. మిగిలిన పెంకుటిళ్ల కొలతలు తీసి, పటాలు గీయించి తహసీలు కచేరీలో భద్రపరిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. గెస్ట్‌హౌస్‌కు సున్నం వేసే ఏడు ఆ పని కూడా పెట్టుకోవచ్చు.