చిత్తూరు సీమలో చలికాలపు ఇల్లు

చిత్తూరు నుంచి పలమనేరుకు మొగిలి కనుమ ఎక్కినా, తిరుపతి నుంచి పీలేరు మీదుగా మదనపల్లెకు భాకరాపేట కనుమ దాటినా డిసెంబరు రాత్రి గాలి మారిపోతుంది. పాత చిత్తూరు జిల్లాలో రెండు రకాల చలి ఉంది. దిగువన తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాల్లో చలికాలం ముసురుతో మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల మీద తుపాన్లు తెస్తాయి. అక్కడ వణికించేది చెమ్మ. ఎగువన మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మైసూరు పీఠభూమికి అంచులు. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు అటూ ఇటూ ఉన్న ఈ నేల మీద సంక్రాంతి ముందర ఆకాశం తేటపడి, పగటి వేడంతా రాత్రికి పైకి ఎగిరిపోతుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలోని వాతావరణ కేంద్రంలో జనవరి రాత్రులు 15 డిగ్రీల చుట్టుపక్కల నమోదవుతుంటాయి. గట్టి చలి రోజుల్లో ఇంకో మూడు నాలుగు డిగ్రీలు దిగుతుంది.

లంబసింగి మంచు చూసినవారికి ఇది చలిగా అనిపించకపోవచ్చు. అయితే రేకుల కింద, సిమెంటు గచ్చు మీద, ఒక్క దుప్పటితో పడుకున్న ముసలాయనకు ఆ 12 డిగ్రీలు ఎంత బరువో ఆ ఇంట్లో తెల్లవారుజామున కూర్చుంటే తెలుస్తుంది. ఈ సీమలో ఇళ్లన్నీ ఎండను, వానను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. చలికోసం విడిగా ఎవరూ ఇల్లు కట్టలేదు. మనిషి కోసం గదిని వేడిచేసిన ఆచారమూ ఇక్కడ లేదు. గోడ చేత, బట్ట చేత, వంటపొయ్యి చేత ఆ పని చేయించుకున్నారు. గదిని నిజంగా వేడిచేసింది ఒక్క పట్టుపురుగు కోసమే. ఆ కథ ముందుకు వెళ్లాక చెబుతాను.

ముందు గోడ సంగతి. మదనపల్లె, తంబళ్లపల్లె వైపు పాత ఊళ్లలో మట్టిమిద్దెలు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. రాతితోనో మట్టితోనో మూరెడు మందాన లేపిన గోడలు, వాటి మీద దూలాలు, దంతెలు, ఆ పైన కంపా ఆకూ పరిచి, జానెడుకు మించి మట్టి వేసి, వాన దిగకుండా చౌడు మట్టి పోసి తొక్కేవారు. ఇంత మందం ఉన్న గోడకు మధ్యాహ్నం తగిలిన ఎండ లోపలి ముఖానికి చేరేసరికి పొద్దుపోతుంది. బయట చలి మొదలయ్యే వేళకు గోడ లోపల వెచ్చగా ఉంటుంది. కిటికీలు చిన్నవి, వాకిలి పొట్టిది. వెలుతురుకూ పొగకూ పైన గవాక్షి. దిగువ ప్రాంతంలో వానలెక్కువ కాబట్టి మట్టిమిద్దె నిలవదు. అక్కడ బోదకొట్టాలు, పూరిళ్లు, కాస్త ఉన్నవారికి పెంకుటిళ్లు వచ్చాయి. గడ్డి కప్పులో ఇరుక్కున్న గాలి ఎండనూ చలినీ రెండింటినీ ఆపుతుంది. పేడతో అలికిన నేల మీద ఈతచాప వేసి, కింద వరిగడ్డి పరుచుకుంటే నేల చల్లదనం ఒంటికి తగిలేది కాదు.

ఈ ఇళ్లను నేను పొగడ్తలతో ముంచెత్తను. ముసురు నాలుగు రోజులు పడితే మిద్దె కారేది, ఒక్కోసారి కూలేది. కొట్టానికి నిప్పు రవ్వ చాలు. తేళ్లూ పాములూ సరేసరి. జనం వాటిని వదులుకోవడంలో న్యాయముంది. వాటితోపాటు వెచ్చదనం కూడా పోయిందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

గోడ తర్వాత బట్ట. దిగువ ఊళ్లలో ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెకు ఒంటినిండా పొట్టి వెంట్రుకలే, ఉన్ని రాదు. ఉన్నిచ్చేవి పడమటి దిక్కున, కన్నడ సరిహద్దు మీది దక్కనీ, బళ్లారి జాతి నల్లగొర్రెలు. వాటి ఉన్ని కత్తిరించి, వడికి, మగ్గం మీద కంబళి నేసింది కురుబలు. నేసిన కంబళికి చింతగింజల గంజి పట్టించి ఆరబెడితే అది బిరుసెక్కి, తుంపర వాన పడినా నీరు జారిపోతుంది. రాత్రి మడిలో నీళ్లు కట్టే రైతు, మందను కాసే గొర్రెల కాపరి, తిరుమల కాలిబాటన నడిచిన యాత్రికుడు దీన్నే పగలు తల మీదుగా కప్పుకుని, రాత్రి పరుచుకునేవారు. గరుకుగా గుచ్చుకుంటుంది, నిజమే. అయినా ఒక కంబళి చాలా ఏళ్లు నిలిచేది.

కంబళి కొనలేని ఇంట్లో బొంత ఉండేది. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పేర్చి, నాలుగు అంచులూ కలిపి, దగ్గర దగ్గరగా దారం వేసి కుట్టేవారు. దానికి ఖర్చు సూదీ దారమే. పొరల మధ్య చిక్కుకున్న గాలే అసలు దుప్పటి. ఇంటి ఆడవాళ్లు మధ్యాహ్నపు తీరికలో కుట్టిన ఆ పనికి చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకలేదు. ఈ సీమలో పేదవాళ్ల పిల్లలు చలికాలాలు దాటింది మాత్రం ఎక్కువగా దానికిందే. తర్వాత మాంసం కోసం ఉన్నిలేని గొర్రెలు పెరిగి, కురుబ మగ్గాలు తగ్గిపోయాయి. పానిపట్టులో పాత ఉన్ని బట్టలు చించి నేసే చవక రగ్గులు సంతల్లోకి వచ్చాయి. ఇప్పుడు మెత్తటి పాలిస్టర్ రగ్గులు రాజ్యమేలుతున్నాయి. చవకే, వెచ్చనే. కాకపోతే నిప్పు దగ్గర ప్రమాదం.

ఇక నిప్పు. చలి కాగడానికి విడిగా కట్టెలు కాల్చింది తక్కువ. వేరే పని కోసం రగిలిన మంట దగ్గరే జనం చేరేవారు. సంగటి ఉడికిన పొయ్యి రాత్రంతా బూడిద కింద నిప్పు దాచుకునేది, ఆ గోడ పక్కన ముసలివాళ్లకూ బాలింతలకూ పడక. పెరట్లో నీళ్లపొయ్యి మీద రాగి అండా. పిల్లలు తెల్లవారగానే దాని చుట్టూ చేరేవారు. చెనక్కాయ సాగు పెరిగాక పొట్టుకు కొదవ లేకుండా పోయింది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా తీసేసి, కింద నుంచి అంటిస్తే పొట్టుపొయ్యి గంటల తరబడి కాలేది. అన్నిటికంటే పెద్ద మంట మాత్రం బెల్లం గానుగ దగ్గర. చిత్తూరు బెల్లానికి పేరు, గానుగ ఆడేది సరిగ్గా చలికాలంలో. ఎండిన చెరకు పిప్పినే గాడిపొయ్యిలోకి తోస్తూ రాత్రిళ్లు పాకం కాచేవారు. ఆ పొయ్యి ముందు కూలీలు, ఎద్దులవాళ్లు, ఊరి పిల్లలు అందరూ ఒకే వరసలో చలి కాగేవారు. కట్టె కొనే పని లేదు, కులం అడిగే తీరికా ఆ పాకం దగ్గర తక్కువే.

తెల్లదొరలకు ఈ చలి మరోలా కనబడింది. నీలగిరులకు దారి పడకముందు మద్రాసు ఎండలు తాళలేని దొరలు పలమనేరుకు వచ్చి సేదతీరేవారు. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్లీ 19వ శతాబ్దంలో మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద వేసవి బంగళా కట్టుకున్నాడు. నాలుగు వేల అడుగులు దాటిన ఆ కొండ ఆయన పేరుతోనే హార్స్లీ హిల్స్ అయింది. వారికి చలి విలాసం, కావాలని వెతుక్కుంటూ వచ్చిన సుఖం.

అదే చల్లటి గాలిని మందుగా వాడిన చోటు ఆరోగ్యవరం. పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో మదనపల్లె దగ్గర యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం నెలకొల్పాయి. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని ఏళ్ల తరబడి నడిపాడు. క్షయకు మందులు లేని రోజులవి. విశ్రాంతి, మంచి తిండి, పగలూ రాత్రీ బయటి గాలి, ఇదే వైద్యం. రోగిని గదిలో మూసిపెట్టకుండా, గాలి ఆడే వార్డులో పడుకోబెట్టి ఒంటికి మాత్రం కప్పేవారు. ముక్కుకు చల్లగాలి, ఒంటికి వెచ్చదనం. పక్క పల్లెల్లో కంబళి కప్పుకుని అరుగు మీద పడుకున్న రైతు చేసింది కూడా ఇదే. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసింది కూడా మదనపల్లెలోనే. క్షయ, పొగ, మూసిన గదులు ఒకదానికొకటి ఎంత దగ్గరి చుట్టాలో ఈ ఊరు చాలా ముందే తెలుసుకుంది.

ఇప్పుడు పట్టుపురుగు దగ్గరికి వద్దాం. 18వ శతాబ్దం చివర టిప్పు సుల్తాన్ మైసూరులో పట్టు పరిశ్రమకు పునాది వేశాడు. కన్నడ నేలను ఆనుకుని ఉన్న పలమనేరు, కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలకూ మల్బరీ తోటలు పాకాయి. పురుగు గుడ్డు పగిలింది మొదలు రెండు జ్వరాలు (పొర విడిచే దశలు) దాటేదాకా 26 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి, గాలిలో తేమ 80 శాతానికి పైన ఉండాలి. పెద్ద పురుగుకు 24, 25 చాలు. 20 కంటే దిగితే ఆకు తినడం తగ్గిపోయి, పంట రోజులు సాగి, మేత ఖర్చు పెరుగుతుంది. చలికి చెమ్మ కూడా తోడైతే సున్నపుకట్టు రోగం వచ్చి, పురుగులు తెల్లగా బిగుసుకుపోయి తట్టలకు తట్టలే పోతాయి.

బయట 14 డిగ్రీలు, లోపల 27 కావాలి. కరెంటు లేని రోజుల్లో రైతు కుటుంబాలు ఈ తేడాను పూడ్చిన తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. షెడ్లు రాకముందు పురుగుల తట్టలు ఇంటి పడసాలలోనే ఉండేవి. మనుషులు వసారాలోకి జరిగేవారు. కిటికీలకు గోనెపట్టాలు కట్టి, తట్టల మీద మైనపు కాగితం కప్పి, బొగ్గుల కుంపటి పెట్టేవారు. పురుగు పొగకు ఓర్చదు. అందుకే బొగ్గులు బయటే పూర్తిగా ఎర్రబడి, పొగ చచ్చాకనే కుంపటిని లోపలికి తెచ్చేవారు. రోజూ ఒక వేళ తలుపులు తీసి గాలి మార్చేవారు. తర్వాత కరెంటు హీటర్లు వచ్చాయి. చిన్న పురుగుల పెంపకం చాకీ కేంద్రాలకు మారింది. ఏడాదికి రెండు తరాలు సాగే బైవోల్టిన్ జాతులు వచ్చాక ఉష్ణోగ్రత పట్టింపు మరింత పెరిగింది. షెడ్డు తూర్పు పడమరలుగా పొడవుండాలని, చుట్టూ వరండా కావాలని, రేకుల మీద కొబ్బరాకో గడ్డో కప్పాలని, కింద దొంగకప్పు (ఫాల్స్ సీలింగ్) వేయాలని పట్టు పరిశ్రమ అధికారులు రైతుకు నేర్పారు. ఎండకూ చలికీ పనికొచ్చే ఇంటి పాఠమంతా ఆ షెడ్డులో ఉంది.

మనిషి ఇల్లు మాత్రం ఈలోగా వేరే దారి పట్టింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1980లలో పక్కా ఇళ్లు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. కొట్టాలు పోయి పల్లెపల్లెనా కాలనీలు వెలిశాయి. నిప్పుకూ వానకూ భయం లేని ఇల్లు పేదవాడికి దక్కింది. అది చిన్న విషయం కాదు. కానీ నాలుగైదు అంగుళాల స్లాబు, పలచటి సిమెంటు ఇటుక గోడ, కింద గచ్చు, తర్వాత టైల్స్. తేట ఆకాశం కింద స్లాబు పగటి వేడిని ఆకాశానికే ఇచ్చేస్తుంది. రేకు ఇంకా త్వరగా చల్లబడి, తెల్లవారుజామున లోపలి ఊపిరి తేమ దాని మీద పేరుకుని పక్కల మీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక వంటింట్లో గ్యాసు చేరింది. ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ పొగ నుంచి బతికిపోయాయి. రాత్రంతా వెచ్చగా ఉండే పొయ్యి గోడ పోయింది. ఒక మేలు వెంట ఒక లోటు.

ఆ లోటును కొందరు హీటరుతో పూడ్చుకోబోతున్నారు. 1500 వాట్ల హీటరు ఎనిమిది గంటలు నడిస్తే రాత్రికి 12 యూనిట్లు. వేడి స్లాబులోంచి బయటికే పోతుంది. ఒక లీటరు నీళ్లు కాచి రబ్బరు సంచిలో పోసి పాదాల దగ్గర పెట్టుకుంటే అయ్యేది యూనిట్లో సుమారు పదో వంతు. బొంత ఆ వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. డిసెంబరులో మన అక్షాంశం దగ్గర మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణపు కిటికీ పగలు తెరిచిపెట్టి పొద్దు వాలకముందే మూసేస్తే ఎండ ఉచితంగా గది నేలను వేడిచేస్తుంది. రేకుల కింద జానెడు సందు వదిలి వెదురు తడికో చాపో బిగిస్తే చుక్కలు రాలడం చాలావరకు ఆగుతుంది. గచ్చు మీద ఈతచాప, దాని మీద పరుపు, తలుపు కింది సందుకు గోనెపట్టా చుట్ట. వీటిలో కొత్తదేమీ లేదు. అన్నీ ఈ నేల మీద ఎప్పటినుంచో చేస్తూ వచ్చినవే.

ఒక్కటి మాత్రం పాతది పనికిరాదు. కుంపటి. గవాక్షి, పెంకుల సందులు ఉన్న ఇంట్లో దాని విషవాయువు ఎటో ఒకవైపు పోయేది. కిటికీలు బిగించిన స్లాబు గదిలో పోవడానికి దారి లేదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎర్రబడిన బొగ్గుల నుంచి కూడా వస్తుంది, పొగ లేదు కదా అని నమ్మకూడదు. పసిబిడ్డ, బాలింత, ముసలివాళ్లు పడుకునే గదిలోకి కుంపటి తేకండి.

ప్రభుత్వానికి ఒక విన్నపం. పట్టుపురుగుల షెడ్డుకు పైకప్పు ఎలా ఉండాలో, వరండా ఎటు ఉండాలో, దొంగకప్పు ఎందుకు కావాలో రైతుకు ఓపికగా చెప్పే అధికారులు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు కట్టే పేదల ఇళ్లకు అదే నమూనా వర్తింపజేయండి. దొంగకప్పుకు, దక్షిణపు కిటికీకి అయ్యే ఖర్చును ఇంటి అంచనాలోనే చేర్చండి.